ఇంజిన్ ఆపని బాబాయ్

మా కాలనీలో బాబాయ్ ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి కళ్లక్కర్లేదు, చెవులు చాలు. కర్రీ పాయింట్ ముందు తెల్లకారు గుర్రుమంటోందంటే ఆయన అందులో ఉన్నట్టు. లేదా దిగి దొండకాయ వేపుడు కట్టించుకుంటున్నట్టు. ఆయన ఎక్కడున్నా ఇంజిన్ మాత్రం డ్యూటీ దిగదు.

"ఆపొచ్చుగా బాబాయ్?" అంటే "రెండు నిమిషాలేరా" అంటాడు. ఆ రెండు నిమిషాల్లోనే వేపుడులో నూనె ఎక్కువైందని తగవు పడి, పాత కొలీగ్‌తో పెన్షన్ కష్టాలు మాట్లాడి, అల్లుడికి ఫోన్ చేసి మరీ వస్తాడు.

దుబారా మనిషి అనుకునేరు! ఇంట్లో మనం కుర్చీలోంచి లేవడం ఆలస్యం, ఫ్యాను కట్టేస్తాడు. పిన్ని ఫ్రిజ్ తలుపు తీసి కాస్త ఆలోచిస్తే, "కరెంటు ఎవడబ్బ సొమ్ము?" అని హాల్లోంచే కేక. ఏసీ వేసి నిలబెట్టిన కారు గంటకు లీటరు దాకా తాగేస్తుందంటే మాత్రం, "మాటిమాటికీ స్టార్ట్ చేస్తే ఇంకా తాగుద్ది" అని కొట్టిపారేస్తాడు. పది సెకన్లకు మించి ఆగే పనైతే ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే చవకని అమెరికాలో ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు తేల్చారు. వాళ్లదేముంది, బాబాయ్ అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్చిన మనిషి. చలికాలం పొద్దున్నే చోక్ లాగి, ఇంజిన్ వేడెక్కేలోపు కాఫీ తాగి వచ్చేవాడట. కార్బ్యురేటర్ల కాలానికి అది న్యాయమే. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి అర నిమిషం చాలు, మెల్లగా పోనిస్తే దారిలోనే వేడెక్కుతుంది. పైగా ఆయన కొత్త కారు సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆపేసుకునే రకం. ఎక్కగానే డాష్‌బోర్డు మీది వినాయకుడికి దణ్ణం పెట్టి, ఆ సదుపాయాన్ని ఆపే బటన్ నొక్కి దాని నోరు మూయిస్తాడు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర సెకన్లు ఒక్కొక్కటే దిగుతుంటే, అద్దాలెత్తుకుని కాలుష్యం వార్తలు వింటూ "ఢిల్లీవాళ్లు ఎలా బతుకుతున్నారో పాపం!" అని నిట్టూరుస్తాడు. ఎర్రలైటు పడితే బండి ఆపండని 2020 అక్టోబరులో ప్రచారం మొదలెట్టింది ఆ ఢిల్లీలోనే. మనవడి బడి గేటు దగ్గర మరీ అన్యాయం. యూకేజీ పిల్లల ముక్కులు పొగగొట్టానికి మనకంటే చాలా దగ్గర. "పొగేదీ, నాకు కనపడదే?" అంటాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, కనపడ్డానికి.

లోకంలో ఆయన ఇంజిన్ ఆపే చోటు ఒక్కటే, పెట్రోల్ బంకు. అక్కడి కుర్రాడు "సార్, ఆఫ్" అంటే మారుమాట్లాడకుండా ఆపేస్తాడు. అంటే, అడిగేవాళ్లు అడిగితే వినే మనిషే.

మీ సెల్లార్‌లోనూ ఒక బాబాయ్ ఉండే ఉంటాడు. రేపు పొద్దున ఆయన బండి వేడెక్కిస్తుంటే, పక్కనే తెరిచున్న వాచ్‌మన్ గది తలుపు చూపించి, "సార్, ఆఫ్" అనే ఆ రెండు ముక్కలూ మీరే అనండి.