అమ్మితేనే కదా నష్టం!

మా ఇంట్లో మార్కెట్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని విజయనగరంలో చాలామందికి చెప్పుకున్నాను. మా ఆవిడ ఎప్పుడూ కాదనలేదు. డీమ్యాట్ ఖాతా పాస్‌వర్డ్ ఆవిడకీ తెలుసు, కాదనాల్సిన పనేముంది?

ఆ ఖాతాలో ఇప్పుడు మిగిలినవన్నీ పడిపోయిన షేర్లే. పెరిగినవాటిని నాలుగు డబ్బులు కనిపించగానే అమ్మీసి, గంటస్తంభం దగ్గర స్నేహితులకి టీలు పోయించాను. పడినవాటిని మాత్రం కొన్న రేటు వచ్చేదాకా కదపనని ఒట్టు. ఎవరైనా అడిగితే ‘అమ్మితేనే కదా నష్టం’ అంటాను. నేనెంతకి కొన్నానో మార్కెట్‌కి తెలీదు. తెలిసింది మా ఆవిడకి.

పోయిన రూపాయి పెట్టే బాధ, వచ్చిన రూపాయి ఇచ్చే సంతోషం కంటే ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. తర్వాత వాళ్లే కట్టిన లెక్కలో అది రెండింతలకు పైమాటే. 1998లో టెరెన్స్ ఓడీన్ అనే ఆయన అమెరికాలో ఒక బ్రోకరు దగ్గరున్న 10,000 ఖాతాలు తిరగేసిన పరిశోధన అచ్చయింది. చూడబోతే అక్కడా మన బాపతే! పైగా వాళ్లు లాభానికి అమ్మేసిన షేర్లు, అట్టే పెట్టుకున్న నష్టాల కంటే మరుసటి ఏడాది బాగా నడిచాయట. ఈ ముక్క ఇంట్లో చదివి వినిపించలేదు.

షేర్లతో ఆగితే బావుణ్ణు. 2015లో భోగాపురం విమానాశ్రయానికి భూములు తీసుకుంటారన్నప్పుడు ఆ దగ్గర్లో ఒక స్థలం చూశాను. అంతకు ముందేటి ధరకిస్తేనే కొంటానన్నాను. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు శంకుస్థాపన చేశారు. 2023 మేలో జగన్ మళ్లీ చేశారు. రెండుసార్లూ బ్రోకరు ఫోన్ చేశాడు, రెండుసార్లూ నేను 2014 రేటే చెప్పాను. ఆ తర్వాత అతను చెయ్యడం మానీశాడు. పడినదానికి కొన్న రేటు, పెరిగినదానికి కొనని రేటు, రెండూ నా బుర్రలో మేకులే.

మొన్న మా ఆవిడ ఫోన్ చూస్తూ అడిగింది: “ఏటండీ, ఈ షేర్లన్నీ ఇవాళ అమ్మీసి డబ్బు మీ చేతిలో పెడితే, ఆ డబ్బుతో మళ్లీ ఇవే కొంటారా?”

“పైడితల్లి పండగ వెళ్లాక చెప్తాను” అన్నాను.

“ఏ ఏటి పండగ?” అంది.