సెల్లు సరేనంటేనే సూది

కోరుట్లలో డాక్టరుగా బతకాలంటే ఎంబీబీఎస్ ఒక్కటే చాలదు, దుబాయ్ టైము కూడా తెలిసుండాలి. అక్కడ మనకంటే గంటన్నర వెనక. కొడుకులు డ్యూటీకి పోకముందే నా పొద్దటి ఓపీలో సగం రోగాలకు తీర్పు వచ్చేస్తుంది.

అవ్వ స్టూలు మీద కూర్చుంటుంది. అవ్వ చేతిలో సెల్లు, సెల్లులో కొడుకు, కొడుకు చేతిలో ఇంకో సెల్లు, అందులో చాట్‌జీపీటీ. నేను బీపీ పట్టీ చుట్టేలోపే, "సార్, అమ్మకు క్రియాటినిన్ చేయించిన్రా?" అని ప్రశ్న. వైవాలో కూడా నన్నింత గట్టిగా నిలదీయలేదు. అవ్వకు ఇవేవీ పట్టవు. "గవన్నీ వాడు సూస్కుంటడు గని, నువ్వు సూదెయ్యి బిడ్డా" అంటుంది. సూది అక్కర్లేదంటే నా వంక కాదు, సెల్లు వంక చూస్తుంది. "సార్ కరెక్టే చెప్తున్నడమ్మా, దీన్ల గూడ గట్లనే ఉంది" అని దుబాయ్ నుంచి మంజూరైతేనే లేస్తుంది. దాచడమెందుకు, నా మాట నెగ్గుతున్నది ఇప్పుడే. ఇదివరకైతే సూది వెయ్యకుంటే పక్క సందులో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయేది.

2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి, వీడియోలో వైద్యం చెల్లుతుందన్నాయి. మా ఊరికి అదేం వింత! రోగం ఇక్కడ, తీర్మానం గల్ఫ్‌లో అన్నది మాకెప్పటి నుంచో ఉన్నదే.

జగిత్యాల కోర్టులో వకీలైన మా దోస్తుది ఇంకో గోస. వాయిదా తారీఖు ఆయన డైరీలో ఉండేది. అది కనుక్కోవడానికే పార్టీలు చాయ్ తాగించేవాళ్లు. ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్‌లో నంబరు కొడితే తారీఖేం ఖర్మ, ఆర్డరు కాపీలే దొరుకుతున్నాయి. మొన్నొక పార్టీ ఫోన్ చేసి ఎంతో ప్రేమగా అడిగాడట: "కిందటి వాయిదాకు మీరు రాలేదని రాసున్నది సార్, జెరం గిట్ల వచ్చిందా?"

మా ఇద్దరి ఏడుపూ విని సిరిసిల్ల బావ నవ్వుతాడు. ఆయన భీవండిలో పని నేర్చిన డిజైన్ మాస్టర్. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి, అట్టలకు రంధ్రాలు కొట్టి, వరసగా కుట్టి మగ్గం మీది జకార్డుకెక్కించేవాడు. ఒక్క రంధ్రం తప్పితే నెమలి ముక్కు గల్లంతు. తర్వాత అట్టలు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. 1804 నాటి ఆ జకార్డు అట్టల్నే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి వాడాలనుకున్నాడని ఎక్కడో చదివినప్పటి నుంచి బావను పట్టలేం. "మీ కంప్యూటరు మా సాంచె కడుపున పుట్టిందేరా" అంటాడు.

మొన్న సేటు ఏఐతో గీయించిన నెమలిని వాట్సాప్ చేశాడు. తోక నిండా పదుల రంగులు. బావ అద్దాలు పైకెత్తి చూశాడు. "రంగు రంగుకో పేక కావాలె సేటూ. ఎనక దారాలు పొడుగ్గా యేలాడ్తయి, ఆడోళ్ల మెట్టెలకు తట్టుకుంటయి. గది చీరె కాదు, వల" అన్నాడు. సేటు నమ్మలేదు, ఆ మాట నిజమేనా అని సెల్లునే అడిగాడు. నిజమేనంది.

అప్పటి నుంచి బావ సెల్లును తిట్టడం మానేశాడు. మజూరీ పెంచమని కూడా దాంతోనే చెప్పించే ఉపాయం వెతుకుతున్నాడు.