జూమ్ కాళ్ళలో ఉంది

కొత్తగా ఫోటోల పిచ్చి పట్టినవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? ఏదో కంటికి నచ్చగానే ఉన్నచోటే ఆగిపోతారు, ఆగినచోటే ఫోన్ ఎత్తుతారు, ఎత్తీ ఎత్తగానే నొక్కేస్తారు. బొమ్మ బాగా రాలేదని తేలాక నాలుగడుగులు పక్కకి వేసి మళ్ళీ తీద్దామని ఒక్కరికీ తోచదు. కెమెరాల ధరలు వెతకడం మొదలుపెడతారు. ముందు మెగాపిక్సెళ్ళ లెక్క, ఆ వెంట లెన్సుల లెక్క, చివరికి నెలవాయిదాల లెక్క. లక్ష రూపాయల కెమెరా మెడలో వేసుకుని మళ్ళీ అదే చోట నిలబడి అదే ఫోటో తీస్తారు, ఈసారి మరింత స్పష్టంగా. ఫోటోగ్రఫీ కంటితోనూ వేలితోనూ చేసే పనిగా పేరుపడింది గానీ, నన్నడిగితే నేర్చుకునేవాళ్ళకి అది సగానికి పైగా కాళ్ళతో చేసే పని. ఈ ముక్క కెమెరా పెట్టె మీద అచ్చు వేయరు. వేస్తే కెమెరా ఎవరు కొంటారు?

రుజువు కావాలంటే చార్మినార్ దగ్గర ఒక పావుగంట నిలబడండి. వచ్చినవాళ్ళు నేరుగా వెళ్ళి, అదెక్కడికైనా పోతుందేమో అన్నట్టు గోడ మీద చెయ్యి వేసి నిలబడతారు. తీసేవారేమో "పైన రావట్లేదు, ఇంకా రావట్లేదు" అంటూ ఫోన్‌ని ఆకాశంలోకి వంచుతారు. దాంతో 1591 నుంచి నిటారుగా ఉన్న మినార్లు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి ఒరిగిపోతాయి. కింద మనిషి, ఎవరో పోల్చుకోవడానికి బంధువులు కావాలన్నంత చిన్నగా పడతాడు. పాపం చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా మేస్త్రీల తప్పేమీ లేదు. లెన్సుని పైకి వంచితే నిలువు గీతలన్నీ లోపలికి వాలతాయి. గుల్జార్ హౌజ్ వైపు వెనక్కి నడిస్తే ఫోన్ వంచే అవసరం తగ్గుతుంది, మినార్లు మళ్ళీ తిన్నగా నిలబడతాయి. ఇక గోడ దగ్గరున్న మనిషిని కూడా కేకేసి పిలిచి, మీకు రెండు గజాల దూరంలో నిలబెట్టండి. ముందు నడుము దాకా మనిషి, వెనకాల మొత్తం చార్మినార్. ఏది ఎంత పెద్దగా పడాలో తేల్చింది మీరిద్దరూ నిలబడ్డ చోటే, కెమెరా ధర దానికి అక్కరకు రాలేదు.

"జూమ్ ఉండగా నడకెందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. జూమ్ ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ ఒకే పాళ్ళలో పెంచుతుంది. వాటి మధ్య పొత్తు మారాలంటే మీరు కదలాల్సిందే. పైగా ఫోన్ మీద రెండు వేళ్ళతో లాగే జూమ్ ఒక హద్దు దాటాక చేసేది, బొమ్మ మధ్యలో ముక్క కత్తిరించి సాగదీయడమే. అలాగని మొహం పెద్దగా పడాలని ఫోన్ తీసుకెళ్ళి మొహంలో పెట్టినా కష్టమే. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చేసి చెవులు వెనకబడిపోతాయి, ఎంత అందగాడైనా సరే. రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు రెండింతల జూమ్ వాడితే మనిషి మనిషిలా ఉంటాడు. ముందు కాళ్ళు, తర్వాత వేళ్ళు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్తియే-బ్రెసాన్ తన చిన్న లైకా కెమెరాకి జూమ్ అన్నది లేని 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలించుకుని తన పనిలో చాలాభాగం దాంతోనే కానిచ్చాడు. దగ్గరగా కావాలంటే దగ్గరకి నడిచేవాడు.

వెలుగు సంగతీ అంతే. మిట్టమధ్యాహ్నం వాకిట్లో కుర్చీ వేసి అమ్మమ్మని కూర్చోబెడితే కళ్ళ దగ్గర రెండు గుంటలు, ముక్కు కింద నీడతో మీసం వస్తాయి. ఆ ఫోటో చూసి ఆవిడ "ఇది నేనా!" అంటే తప్పు ఆవిడది కాదు. అదే కుర్చీని వసారాలోకి, చూరు నీడ లోపలికి జరిపి మొహం వాకిలి వైపు తిప్పండి. బయటి వెలుగు మెత్తగా పక్కనుంచీ ముందునుంచీ పడుతుంది, ముక్కుపుడక రాయి మెరుస్తుంది, కళ్ళలో చిన్న వెలుగు చుక్క నిలుస్తుంది. ఆ చుక్క ఉంటే మొహంలో ప్రాణం ఉంటుంది. కుర్చీ గోడకి ఆనకుండా చూసుకోండి, వెనక గోడ మీది క్యాలెండర్ మొహంతో పోటీకి రాకుండా ఉంటుంది. పసిపిల్లల్ని తీసేటప్పుడు మోకాళ్ళ మీదకి దిగండి. మోకాళ్ళూ కాళ్ళలో భాగమే. తెల్ల పంచె మాసినట్టు పడితే మాత్రం కాళ్ళ తప్పు కాదు. కెమెరా ప్రతిదాన్నీ నడిమి బూడిదరంగుకి లాగుతుంది కాబట్టి తెర మీద తాకి వెలుగు కాస్త పెంచాలి. ఆ మాత్రం పని వేలికీ ఉండాలిగా.

"పెళ్ళిలో కాళ్ళు కదపడానికి చోటెక్కడ?" అన్నది గట్టి ప్రశ్నే. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి మండపం చుట్టూ వీడియోవాళ్ళు కోట కడతారు. మన ఫోన్‌లో పడేవి వాళ్ళ వీపులే. అక్కడ పోటీకి పోకండి, డబ్బు తీసుకున్నవాళ్ళు తీస్తున్నారు. మండపానికి వీపు పెట్టి తిరగండి. గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని మెడలు సాచిన జనం, ఏడుపు ఆపుకుంటున్న పెళ్ళికూతురి తల్లి, ఆ మొహాలన్నీ అప్పుడు మీకే కనిపిస్తాయి. ఇంకొందరు "తర్వాత యాప్‌లో సరిచేసుకుంటాం" అంటారు. తల మీద మొలిచిన కరెంటు స్తంభాన్ని యాప్ తీసేస్తుంది, నిజమే. స్తంభం వెనక ఏముందో దానికి తెలియదు గనక ఊహించి పూస్తుంది. ఒక్కడుగు పక్కకి జరిగితే అసలు స్తంభమే రాదు, ఊహా అక్కర్లేదు.

మరీ చదువుకున్నవాళ్ళు నడక అక్కర్లేదనడానికి అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ని తెస్తారు. 1941లో న్యూమెక్సికోలో కారులో పోతూ హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రుణ్ణి చూసి, గబగబా బండి ఆపి, వెలుగు కొలిచే మీటరు దొరక్కపోతే చంద్రుడి వెలుగుని బట్టి లెక్కకట్టి ఒకే ఒక్క నెగటివ్ తీశాడు. రెండోది తీసేలోగా వెలుగు పోయింది. ఇందులో నడకేదీ అంటారు. కానీ పెట్టె కెమెరాతో ఆయన యోసెమిటీ కొండల్లో అడుగుపెట్టింది 1916లో, పద్నాలుగేళ్ళప్పుడు. 1927లో హాఫ్ డోమ్ కొండని తీయడానికి గాజుపలకలు మోసుకుంటూ మంచులో ఎక్కాడు. కారు దిగిన ఆ క్షణం వెనక పాతికేళ్ళ కాలినడక ఉంది, కండరాలు పట్టేసిన రాత్రులూ ఉండే ఉంటాయి.

కాబట్టి ఈ ఆదివారం కొత్త కెమెరా బేరం పక్కనపెట్టి, ఫోన్ లెన్సు మీది వేలిముద్రలు తుడిచి, మీ వీధి చివర టీ బండి దగ్గరకి వెళ్ళండి. టీ అమ్మే ఆయన్ని అడిగి, ఒప్పుకుంటేనే, జూమ్ ముట్టకుండా బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో వైపునుంచి ఒక్కోటి తీయండి. సూర్యుడు ఆవిరి వెనకాల ఉన్నప్పుడే అది బాగా మెరుస్తుంది, ఆ వైపు వదలకండి. తిరుగుడు ఎక్కువై ఆయన అనుమానంగా చూస్తే, ఒక టీ చెప్పండి.