గోదారికి మా బోరు నీళ్ళు

మా ఊరి పేరులో గుడి ఉంది, బండ ఉంది, నీళ్ళు మాత్రం లేవు. పేరు పెట్టిన పెద్దలు అబద్ధమాడలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే అనంతపురం సీమలో, కన్నడ దేశాన్ని ఆనుకుని ఉంటుంది మా గుడిబండ. మాకు నది అంటే ఇసుక. నంది కొండల్లో పుట్టి హిందూపురం పక్కగా పోయే పెన్నను చిన్నప్పుడు మా నాయన చూపించాడు. నేను చెప్పులు తడవకుండా అవతలి గట్టుకు పోయి వచ్చి, "నది యాడుంది నాయనా?" అన్నాను. ఆయన ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

అలాంటి మా ఇంట్లో ఒకరోజు 'క్రూజు' అనే మాట వినపడింది. తెచ్చినవాడు బెంగళూరులో ఉద్యోగం చేసే నా బావమరిది. "చెన్నై నుంచి ఓడలు పోతాయి బావా. 2022లో విశాఖకు కార్డీలియా వచ్చింది చూడు, అట్లాంటిది. మూడు రాత్రులు. పదకొండు అంతస్తులు. లోపలే ఈతకొలను, సినిమా, తిన్నంత తిండి. అందరూ కలిసి పోదాం" అన్నాడు.

నాయన ధర అడిగాడు. విన్నాక ఇక చెవులు మూసుకున్నాడు. మా ఆవిడ ఫోనులో వెతికి, డైపరు కట్టుకున్న పిల్లల్ని ఓడల్లో కొలనులోకి దిగనివ్వరట అని తేల్చింది. చివరి తీర్పు అవ్వది.

"సముద్రం నీళ్ళు తాగేదానికి పనికిరావు గదప్పా? అన్ని నీళ్ళుండి ఒక చెంబుకు కూడా గతిలేని చోటికి దుడ్లిచ్చి పోవల్నా?"

దాంతో సముద్రం గోదావరి అయింది, ఓడ లాంచీ అయింది, మూడు రాత్రులు ఒక పగలయింది. పాపికొండలు. తగ్గనిదల్లా మా జనమే. 83 ఏళ్ళ అవ్వ, 62 ఏళ్ళ నాయన, అమ్మ, నేను, మా ఆవిడ, 20 నెలల మా బుడ్డోడు. బావమరిదికి సెలవు దొరకలేదట. తెలివైనవాడు.

అమ్మ ఒక్కటే భయపడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ మాట వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. తర్వాత దాదాపు రెండేళ్ళు విహారం బోట్లు ఆగిపోయి 2021లో మళ్ళీ మొదలయ్యాయని, ఇప్పుడు లైఫ్ జాకెట్టు వేసుకోకపోతే కదలనివ్వరని నచ్చజెప్పాను. "అట్లయితే ఈడే కొనుక్కుని, ఇంటికాన్నే తొడుక్కుని పోదాం" అంది అమ్మ. నీళ్ళే లేని ఊళ్ళో లైఫ్ జాకెట్టు ఏ అంగడిలో అడగను?

సర్దుడు మొదలయ్యాక అసలు గొడవ లేచింది. మా ఇంట్లో బుడ్డోడి నీళ్ళకు మూడు పార్టీలు. మా ఆవిడది సీసా నీళ్ళ పార్టీ. అమ్మది కాచి చల్లార్చిన నీళ్ళ పార్టీ. అవ్వది బోరు నీళ్ళ పార్టీ. మా బోరు నీళ్ళు ఎట్లాంటివంటే, వాటిలోని ఫ్లోరైడు సాక్ష్యం ఊళ్ళో ఎవరు నవ్వినా పళ్ళ మీద కనిపిస్తుంది. అయినా అవ్వ వినలేదు. "కొత్త నీళ్ళు పిల్లోనికి పడవు" అని ఐదు లీటర్ల క్యాన్లు రెండు నింపించింది. చిత్రాన్నం, ఓళిగలు, ఊరుబిండి, రాగిపిండి సరే. గోదావరి చూడటానికి పోతూ వెంట నీళ్ళు మోసుకుపోయిన కుటుంబం భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది.

హిందూపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆ బండికి ఆ పేరు పెట్టినవారు 20 నెలల పిల్లవాడితో ప్రయాణం చేసి ఉండరు. ధర్మవరం వచ్చేసరికి వాడు బోగీలో అందరి చెప్పులనూ జతలు మార్చి పెట్టాడు. గుంతకల్లు దాటాక మేం వంతులేసుకుని నిద్రపోయాం, వాడు వంతు లేకుండా మేలుకున్నాడు.

రాజమండ్రిలో దిగి, గండిపోచమ్మ గుడి దగ్గరి రేవుకు బస్సులో పోతుంటే అవతలి గట్టున పట్టిసీమ అన్నారు. నాయనకు ప్రాణం లేచివచ్చింది. "అదో చూడమ్మా! ఆడ 24 పంపులు పెట్టి గోదారి నీళ్ళు ఎత్తి కృష్ణలో పోస్తారు. కింద డెల్టాకు ఇవి సరిపోతే, శ్రీశైలంలో కృష్ణ నీళ్ళు మిగులుతాయి. అవి హంద్రీనీవా కాలువ ఎక్కి మన పెనుకొండ వైపు వస్తాయి" అని అవ్వకు వేళ్ళ మీద లెక్క చెప్పాడు.

అవ్వ కాసేపు ఆలోచించింది. "అంటే గోదారమ్మ మనింటికి వచ్చేదానికి దోవ ఉందన్నమాట."

"ఉంది."

"మరి రాదేమి?"

నాయనకు ఇది నా చిన్ననాటి ప్రశ్నలాగే తోచినట్టుంది. కిటికీలోంచి బయటికి చూశాడు.

రేవులో బుడ్డోడికి లైఫ్ జాకెట్టు తొడిగారు. ఉన్నవాటిలో చిన్నదే. అయినా వాడు దాంట్లో తాబేలు పిల్లలా మాయమయ్యాడు. పైనుంచి రెండు కళ్ళు, కిందనుంచి రెండు పాదాలు. "బాబుగారిని కాస్త గట్టిగా పట్టుకోండి, ఆయ్" అన్నాడు గైడు. మా వైపు ఏడాదిన్నర పిల్లవాణ్ణి 'గారు' అని ఎవరూ అనరు. మా వాడికి ఆ గౌరవం ఎంత నచ్చిందో గానీ, 'బువ్వ', 'వద్దు' తర్వాత జీవితంలో మూడో మాట నేర్చుకున్నాడు: "ఆయ్."

లాంచీ కదిలింది. అవ్వ నీళ్ళకేసి చూసి మాట్లాడలేదు. చాలాసేపటికి, "ఇదంతా ఊరికే పోతాందా?" అంది. గైడు సముద్రంలోకి పోతుందని గర్వంగా చెప్పాడు. ఆ మనిషి ఇంట్లో కొళాయి తిప్పేసి మరిచిపోయినట్టు అవ్వ అతనికేసి చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి, రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసి దండం పెట్టింది. అమ్మ వేసింది. మా ఆవిడ వేసింది. బుడ్డోడి చేతా ఒకటి వేయించి, అందరం చప్పట్లు కొట్టాం.

తప్పంతా చప్పట్లదే. వాడికి సూత్రం అర్థమైపోయింది. చేతిలో ఉన్నది నీళ్ళలో వేస్తే పెద్దవాళ్ళు మెచ్చుకుంటారు. మొదట పాలసీసా మూత వేశాడు. తర్వాత ఎడమ బూటు. మేం తిడితే ఏడ్చాడు. ఏడుపు మాన్పించడానికి లోకంలో ప్రతి తండ్రీ చేసే పనే నేనూ చేశాను. తాళంచెవుల గుత్తి చేతికిచ్చాను.

"ఆయ్" అన్నాడు వాడు. గుత్తి గోదాట్లో పడింది.

గుడిబండ ఇంటి తాళంచెవి అందులోనే ఉంది. పై అంతస్తులో డాన్సు పాటలు మోగుతున్నాయి. మా కుటుంబం మాత్రం నీళ్ళలో లేస్తున్న బుడగలను చూస్తోంది. నాయన మెల్లగా అన్నాడు: "తాళంచెవి పారేసుకున్నోళ్ళను చూసినా. నదికి అప్పజెప్పి వచ్చినోళ్ళను ఇదే చూడ్డం."

అవ్వ ఒక్కతే నిమ్మళంగా ఉంది. "పోనీలేరా. గంగమ్మకు ఇచ్చింది తిరిగి అడగరాదు. దోవ ఉందంటివి గదా నాయనా, తాళంచెవి లేకనే ఇన్నాళ్ళూ రాలేదేమో. ఇంక వస్తాది."

పాపికొండలు వచ్చాయి. నడినెత్తిన తీసిన పాపిడిలా రెండు వరసల కొండల మధ్య గోదావరి సన్నబడింది. ఎవరి కోసం ఇంత దూరం వచ్చామో ఆ బుడ్డోడు సరిగ్గా అప్పుడే నిద్రపోయాడు. ఎత్తుకున్న నా భుజం పడిపోతోంది, కదిలితే లేస్తాడు. అందుకని కొండల్ని ఒకవైపే చూశాను. రెండోవైపు ఎట్లా ఉంటాయో మా ఆవిడ ఫోటోల్లో చూపించింది. పేరంటపల్లిలో శివుడి గుడి దగ్గర ఆగినప్పుడు వాడు లేచి, వెదురు బొమ్మలన్నీ వదిలేసి, ఒక గులకరాయి ఏరుకున్నాడు. ఖర్చు లేని కొడుకని నాయన మురిశాడు.

తిరిగి లాంచీ ఎక్కేముందు అవ్వ, మోసుకొచ్చిన బోరు నీళ్ళు ఒక క్యానులోవి గోదావరిలో వంచేసి, అదే క్యానులో గోదావరి నీళ్ళు పట్టింది. వంచేముందు, "ఇవి మా ఊరివి తల్లీ" అని చెప్పింది. పట్టిసీమకు 24 పంపులు కావాల్సివచ్చింది గానీ, మా అవ్వ ఎత్తిపోతల పథకానికి నేనొక్కణ్ణే చాలాను. ఐదు లీటర్లు, రాజమండ్రి నుంచి గుడిబండ దాకా, పిల్లవాణ్ణి మోయని చేత్తో.

ఇంటి ముందు పక్కింటాయన సుత్తి తెచ్చి తాళం పగలగొడుతుంటే అవ్వ అలిగింది. "ఆమెకు చెవి ఇచ్చి వచ్చి ఈడ తాళం మారుస్తారా? వచ్చి చూసి వెనక్కి పోతే?"

సాయంత్రం క్యాను పట్టుకుని పెరట్లోకి పోయింది. తులసమ్మకు ఒక చెంబు, వేపచెట్టుకు ఒక చెంబు పోసింది. తర్వాత వెయ్యి అడుగులు తవ్వినా గాలే తప్ప నీళ్ళు రాక మూతేసిన మా పాత బోరు దగ్గరికి నడిచి, ఆ మూత మీద మూడుసార్లు చిలకరించింది.

"ఇదో, నీళ్ళంటే ఇట్లుంటాయి. చూసి నేర్చుకో."

పక్కన ఒంటి బూటుతో నిలబడ్డ బుడ్డోడు బోరు తరఫున బదులిచ్చాడు.

"ఆయ్."