మడి కట్టుకున్న కార్లు

2004లో ‘గ్రాన్ టురిస్మో 4’ అనే వీడియో గేమ్ వచ్చినప్పుడు అందులో 700కు పైగా కార్లున్నాయి. గుర్రాన్ని విప్పేసిన బగ్గీకి ఇంజిన్ తగిలించిన 1886 నాటి డైమ్లర్ బండి ఉంది. ఫోర్డ్ మోడల్ టి ఉంది. జపాన్‌లో 1958లో పుట్టిన బుల్లి సుబారు 360 ఉంది. పోర్షే మాత్రం లేదు.

అసలే లేదనడానికి వీల్లేదు. రుఫ్ అనే పేరు మీద నొక్కితే పసుపు పచ్చ కారొకటి తెర మీదికి వచ్చేది. గుండ్రటి హెడ్‌లైట్లు, వెనక్కి వాలిపోయే టాపు, డిక్కీ ఉండాల్సిన చోట ఇంజిన్. ఎటు తిప్పి చూసినా పోర్షే 911. బ్యాడ్జీ ఒక్కటే వేరు. ఈ రుఫ్ ఎవరంటే, జర్మనీలోని బవేరియాలో ఫాఫెన్‌హౌసెన్ అనే చిన్న ఊళ్లో షెడ్డు నడిపే కుటుంబం. పోర్షే దగ్గర ఉత్త బాడీలు కొనుక్కొచ్చి, తమ ఇంజిన్ బిగించి, తమ ఛాసిస్ నంబర్ కొట్టుకుంటారు. అందువల్ల జర్మనీ ప్రభుత్వం 1981 నుంచి వీళ్లను మెకానిక్కులుగా కాకుండా కార్ల తయారీదారులుగానే లెక్కేస్తోంది. ఆ పసుపు బండి 1987లో గంటకు 339 కిలోమీటర్ల వేగం అందుకుని, పోర్షే సొంత సూపర్ కారు 959నే వెనక్కి నెట్టింది. అసలు వారసుడు రానన్న చోట దత్తపుత్రుడు కూర్చున్నాడు, పైగా వాడే బాగా పరిగెత్తాడు.

అసలువాడు ఎందుకు రాలేదు? అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే వీడియో గేముల కంపెనీ పోర్షే పేరును గుత్తకు తీసుకుంది గనుక. 2000లో ఆ కంపెనీ పోర్షే కార్లే తప్ప మరో కారు లేని నీడ్ ఫర్ స్పీడ్ ఆట ఒకటి విడుదల చేసింది. ఆ గుత్త 2016 చివరిదాకా సాగింది. పదహారేళ్లు! మన దగ్గర చెరువు గుత్తకిచ్చినా ఇన్నేళ్లకు ఇవ్వరు.

మధ్యలో మైక్రోసాఫ్ట్ వాళ్లు గుత్తేదారు దగ్గరే కౌలుకు తీసుకునే మార్గం కనిపెట్టారు. 2009లో వచ్చిన ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 3’లో పోర్షే అలాగే కనిపించింది. 2011లో నాలుగో భాగానికి వచ్చేసరికి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కుదరదంది. మళ్లీ రుఫ్ దిగింది. 2012 మే నెలలో గుత్తేదారు మనసు మెత్తబడింది. అప్పటికే ఆట కొనేసినవాళ్లు పోర్షేల కోసం విడిగా ఇంకో ప్యాక్ కొనుక్కున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నది ఇలాంటి సందర్భం చూసే పుట్టి ఉంటుంది. కాకపోతే ఈ పూజారి టికెట్ కౌంటర్ కూడా పెట్టాడు.

ఇందులో అసలు నష్టపోయింది దేవుడే. పదేళ్ల పిల్లాడు గోడకు ఏ కారు పోస్టర్ అంటించుకుంటాడో, ముప్పై ఏళ్లు తిరిగాక ఆ కారు కోసమే బ్యాంకు లోనుకు తిరుగుతాడు. గ్రాన్ టురిస్మో ఆడిన ఒక తరం మొత్తం ఆ వయసులో ఆ ఆటలో పోర్షేను చూడలేదు. కంపెనీకి ఈ సంగతి ఆలస్యంగా అర్థమైనట్టుంది. గుత్త తీరిన మరుసటి ఏడాదే, 2017 జూన్‌లో, తన కొత్త 911 జీటీ2 ఆర్ఎస్‌ను జెనీవా మోటార్ షోలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో కాకుండా లాస్ ఏంజెలెస్‌లోని వీడియో గేముల ప్రదర్శనలో ఆవిష్కరించింది. నల్ల టీషర్టుల కుర్రాళ్ల ముందు కారు మీద ముసుగు తొలగించారు.

పోర్షేది డబ్బు లెక్క. టయోటాది శీలం లెక్క.

2017లో ‘నీడ్ ఫర్ స్పీడ్ పేబ్యాక్’ వస్తే అందులో టయోటా లేదు. 2019లో ‘హీట్’ వస్తే అందులోనూ లేదు. టయోటా సుప్రా కారు ఏదయ్యా అని అభిమానులు అడిగితే, టయోటా బ్రిటన్ శాఖ ట్విటర్‌లో జవాబిచ్చింది: మా కార్లు గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లో దొరుకుతాయి, అది చట్టవిరుద్ధమైన వీధి రేసులను ప్రోత్సహించదు అని దాని సారాంశం. తర్వాత ఆ ట్వీట్‌ను తొలగించారు. ట్వీట్ పోయింది కానీ మడి పోలేదు.

న్యాయంగా మాట్లాడితే, వీధి రేసుల్లో మనుషులు చనిపోతారు. వద్దనుకునే హక్కు ఏ కంపెనీకైనా ఉంది. ఇబ్బందల్లా టయోటా పాత ఆల్బమ్‌తోనే. 1994లో వచ్చిన మొట్టమొదటి నీడ్ ఫర్ స్పీడ్‌లో సుప్రా ఉంది, వెనక పోలీసులూ ఉన్నారు. 2005లో ‘మోస్ట్ వాంటెడ్’లోనూ సుప్రా ఉంది. హైదరాబాద్, విజయవాడ ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ఆడిన కుర్రాళ్లకు ఆ ఆటలో పోలీసు జీపులను గుద్దేయడం తప్ప వేరే పని ఉన్నట్టు గుర్తుండదు. ఇక 2001 నాటి ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా కథే దొంగ రేసుల కథ. అందులో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు సుప్రా 2021లో అమెరికా వేలంలో 5,50,000 డాలర్లు పలికింది. ఆ కారు పేరుకు అంత గిరాకీ లైబ్రరీకి వెళ్లి రావడం వల్ల వచ్చింది కాదు.

దీనికంటే రుచికరమైన ముచ్చట ఇంకోటుంది. జపాన్‌లో ‘ఇనిషియల్ డి’ అని ఒక మాంగా ఉంది. టోఫు డెలివరీ చేసే కుర్రాడు తన పాత టయోటా ఏఈ86 వేసుకుని, రాత్రిళ్లు కొండ మలుపుల్లో పెద్ద పెద్ద కార్లను ఓడిస్తుంటాడు. పర్మిషన్ లేని రేసులే, పబ్లిక్ రోడ్ల మీదే. ఆ కథ పుణ్యాన తుక్కు ధరకు పోవాల్సిన ఏఈ86లు బంగారమయ్యాయి. 2012లో టయోటా తన కొత్త స్పోర్ట్స్ కారుకు ఆ 86 అంకెనే పెట్టుకుంది. 2016లో దాన్ని ఆ మాంగా కారు వేషంలో, నలుపూ తెలుపూ రంగులేసి, తలుపు మీద టోఫు కొట్టు పేరు కూడా రాసి, ప్రత్యేకంగా తయారు చేయించిన శాఖ ఏదనుకున్నారు? బ్రిటన్ శాఖే. మూడేళ్ల తర్వాత వీధి రేసుల మీద ట్వీట్ పెట్టిందీ అదే.

2018లో ‘ఫోర్జా హొరైజన్ 4’ వచ్చినప్పుడు కూడా సుప్రా లాంటి రోడ్డు కార్లు లేవు. 2019 చివర్లో టయోటా తిరిగొస్తున్నట్టు ప్రకటన వచ్చింది, అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ ఆటలో చీకటి పడ్డాక ఎదురుగా వాహనాలు వస్తుంటే జరిగే వీధి రేసులు ఒక విభాగమంతా ఉన్నాయి. బహుశా అవి చట్టబద్ధమైన వీధి రేసులై ఉంటాయి. ఇక మన జిల్లా రోడ్ల మీద సైరన్ మోగించుకుంటూ ఎదురు రూట్లో దూసుకుపోయే ఫార్చ్యూనర్ల కాన్వాయ్ సంగతికొస్తే, అది ఆట కాదు గనుక లైసెన్స్ ప్రశ్నే రాదు.

కారు ఉండటం ఒక ఎత్తు. దానికి దెబ్బ తగలడం ఇంకో ఎత్తు. కార్ల కంపెనీలు సంతకం పెట్టే ముందు అడిగే మొదటి ప్రశ్న ఇదేనని ఆటలు తయారుచేసేవాళ్లు చాలాసార్లు చెప్పారు. బంపర్ ఊడొచ్చు, అద్దం పగలొచ్చు, డోరు సొట్ట పోవచ్చు. మనిషి కూర్చునే భాగం మాత్రం నలగకూడదు. గ్రాన్ టురిస్మో మొదటి నాలుగు భాగాల్లో 250 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దినా కారు మీద గీత పడేది కాదు. కాస్త సొట్టలు చూడాలంటే 2010లో ఐదో భాగం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. సాంకేతిక ఇబ్బందులూ ఉన్నాయి, కంపెనీల మొహమాటమూ ఉంది. జర్మనీలోని బ్రెమెన్ నుంచి వచ్చే ‘బీమ్ఎన్‌జీ డ్రైవ్’లో మాత్రం రేకు రేకు విడిగా నలుగుతుంది, ఛాసిస్ వంగుతుంది, చక్రం ఊడి పొలంలోకి దొర్లిపోతుంది. ప్రమాదాన్ని అంత నిజంగా చూపించే ఆట మరొకటి కనబడదు. అందులో కంపెనీల పేర్లు గావ్రిల్, ఇబిషు, ఈటీకే. ఏ షోరూంలోనూ దొరకవు.

మన ఫ్యాక్షన్ సినిమాల్లో టాటా సుమోలు ఇరవై ఏళ్ల పాటు ఎన్నిసార్లు గాల్లోకి లేచాయో లెక్కపెట్టినవాడు లేడు. బాంబు పడితే లేచేవి, హీరో తొడ కొడితే లేచేవి, ఒక్కోసారి ఉత్త చూపుకే లేచేవి. అయినా ఆ బండి అమ్మకాలకు లోటు రాలేదు. సీమలో అదొక హోదాగా చలామణీ అయింది. కార్ల కంపెనీల లైసెన్స్ విభాగాల్లో కూర్చునేవాళ్లకు నాలుగు తెలుగు సినిమాలు చూపిస్తే సగం భయాలు తీరతాయి.

ఫెరారీ కథ వేరు, వాళ్లది యజమాని హోదా. 1986లో సెగా కంపెనీ ‘ఔట్ రన్’ అనే ఆర్కేడ్ ఆట తెచ్చింది. యూ సుజుకీ సృష్టి. ఎర్ర టాప్‌లెస్ కారు, పక్క సీట్లో బంగారు జుట్టు అమ్మాయి, సముద్రం పక్క రోడ్డు. కారు అచ్చం ఫెరారీ టెస్టరోసా. అనుమతి మాత్రం ఎవరూ అడగలేదు. తమాషా ఏమిటంటే, టాప్ లేని టెస్టరోసాను ఫెరారీ అధికారికంగా ఒక్కటే తయారుచేసింది, అదీ ఫియట్ అధిపతి జియాని ఆన్యెల్లీ కోసం. ఫెరారీ నుంచి ఆయనొక్కడికే దక్కిన కారును సెగా నాణేనికో రైడ్ చొప్పున అందరికీ ఇచ్చింది. తర్వాతి రోజుల్లో పాత ఆటను మళ్లీ విడుదల చేసినప్పుడు కారు రూపు మార్చేశారు. 2003లో వచ్చిన ‘ఔట్ రన్ 2’కు ఫెరారీ లైసెన్స్ తీసుకున్నారు. ఆ వరసలో 2009లో ఆన్‌లైన్‌కు వచ్చిన ఆట లైసెన్స్ గడువు తీరగానే దుకాణంలోంచి మాయమైంది. అడక్కుండా వాడిన ఆట ఇప్పటికీ బతికుంది, అడిగి డబ్బు కట్టిన ఆట పోయింది.

మరి చట్టం ఏమంటుంది? హమ్వీ సైనిక వాహనాలు తయారుచేసే ఏఎం జనరల్ కంపెనీ ‘కాల్ ఆఫ్ డ్యూటీ’లో తమ బండి వాడుకున్నారని 2017లో కోర్టుకెక్కింది. 2020 మార్చి 31న న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఆ కేసు కొట్టేశారు. యుద్ధం ఆటలో నిజమైన బండి కనబడటం కళలో భాగమేనన్నది ఆ తీర్పు సారం. అయితే రేసింగ్ ఆటలవాళ్లు ఆ తీర్పు పట్టుకుని ధైర్యం చేయరు. యుద్ధం ఆటలో బండి పక్క పాత్ర, రేసింగ్ ఆటలో సరుకే బండి. పైగా ఇంజిన్ కొలతలు, బాడీ డిజైన్ ఫైళ్లు కంపెనీయే ఇవ్వాలి. ఎగ్జాస్ట్ దగ్గర ఒకటి, బానెట్ కింద ఒకటి మైకులు పెట్టి, కారును రోలర్ల మీద ఎక్కించి, మోత రికార్డు చేసుకోవడానికి బండి కూడా వాళ్లే పంపాలి. కోర్టులో గెలిచినవాడికి కారు తాళాలెవరిస్తారు?

ఈ తలనొప్పంతా ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’కు లేదు. అక్కడ కార్ల కంపెనీలన్నీ కల్పితం. ఫిస్టర్ కామెట్‌ను చూసి పోర్షే 911 అనుకుంటే అది చూసినవాడి పాపం. గ్రొటీ కార్లలో ఇటలీ వాసన వస్తే వచ్చిందనుకోవాలి. ఆ కార్లను దొంగిలించొచ్చు, సముద్రంలో ముంచొచ్చు, తగలబెట్టొచ్చు. 2013లో వచ్చిన దాని ఐదో భాగం 20 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది, ఇంకా అమ్ముడవుతోంది. దానికి ఐదేళ్ల తర్వాత, వందల కొద్దీ అసలు కార్లతో, బ్రిటన్ పల్లెల్లో కురిసే మంచుతో సహా దిగిన ఫోర్జా హొరైజన్ 4ను 2024 డిసెంబర్ 15న అమ్మకం నుంచి తీసేశారు. లైసెన్సుల గడువు తీరింది. అంతకుముందు మూడో భాగానికి 2020లో, మోటార్‌స్పోర్ట్ 7కు 2021లో ఇదే గతి. కొన్నవాళ్లు ఆడుకోవచ్చు, కొత్తవాళ్లకు దొరకదు. యుబిసాఫ్ట్ వాళ్ల ‘ది క్రూ’ ఇంకా ఘోరం. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసి, లైసెన్సులనూ ఒక కారణంగా చెప్పారు. డబ్బు కట్టి కొన్నవాడి చేతిలో డిస్కు మిగిలింది, ఆట మిగల్లేదు.

మన దేశపు కంపెనీలు ఈ గొడవలోకి వేరే వాకిలి గుండా వచ్చాయి. 2024 నవంబర్‌లో మహీంద్రా బీఈ 6ఈ అనే కరెంటు కారును ఆవిష్కరించింది. 6ఈ మా విమానాల కోడ్ అంటూ ఇండిగో విమాన సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రోజుల్లోనే ఆ కారు పేరులో చివరి అక్షరం ఊడిపోయి బీఈ 6 అయింది. పేరు విషయంలో కార్ల కంపెనీలు ఎంత పట్టుదలగా ఉంటాయో విమానాల కంపెనీలూ అంతే. 2025 జనవరిలో అదే కారు బీజీఎంఐ అనే మొబైల్ ఆటలోకి దిగింది. అది రేసింగ్ ఆట కాదు. వంద మంది పారాచూట్లు కట్టుకుని ఒక దీవిలోకి దూకి, ఒక్కడు మిగిలేదాకా తుపాకులతో కాల్చుకునే ఆట. ఆ వరస ఆటల్లో టెస్లా, బుగాటి, లంబోర్గినీలు కూడా పేరూ బ్యాడ్జీ సహా ఎప్పుడో దర్జాగా తిరిగేశాయి. కంపెనీలకు అభ్యంతరం లేకపోయింది. అందులో చట్టవిరుద్ధమైన వీధి రేసులు లేవు కదా.