ఈత రాకముందే నేషనల్ ప్లేయర్

ఈతలో ఓపెన్ నేషనల్ అట. అదీ విశాఖలో మన కూర్మన్నపాలెం పక్కనే. ఏ కరెంటు స్తంభం చూసినా అదే ఫ్లెక్సీ, కాబట్టి తేదీ, వేదిక, ఫోన్‌పే నంబరు నేను మళ్ళీ చెప్పనక్కర్లేదు. మొన్న కొత్త తల్లిదండ్రులకి అవగాహన సదస్సు కూడా పెట్టారు. మా మేనల్లుడి తరఫున నేనూ వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కోచ్‌గారు చాలాసేపు మాట్లాడారు. టీషర్టు రంగు చెప్పారు, మెమెంటో ఎత్తు చెప్పారు, డ్రోన్ కెమెరా ఉందన్నారు, ఫొటో ప్యాకేజీలు మూడు రకాలన్నారు. పోటీ ఎలా జరుగుతుందో మాత్రం చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. పెళ్ళికెళ్ళినవాడు భోజనాలు ఎన్నింటికని అడుగుతాడు గాని, ముహూర్తం ఎవరు పెట్టారని అడుగుతాడా?

సరే, ఆయన వదిలేసిన ముక్కలు నేను చెబుతాను. ఈత పోటీలో పిల్లవాడి పేరుతో పాటు వాడి పాత టైము కూడా రాసి పంపుతారు. ఆ టైములను బట్టి హీట్లు వేస్తారు. నిదానంగా ఈదేవాళ్ళ హీట్లు ముందు, వేగంగా ఈదేవాళ్ళవి చివర. ఎనిమిది లేన్లుంటే అందరికంటే వేగమైనవాడికి నాలుగో లేను, తర్వాతివాడికి అయిదు, ఆ తర్వాత మూడు, ఆరు, రెండు, ఏడు. అందరికంటే వెనకబడ్డ ఇద్దరికీ ఒకటి, ఎనిమిది. అంటే ఒకటో లేను గోడ పక్కది. కిందటేడాది మీట్‌లో ఒక పెద్దమనిషి నిర్వాహకుల బల్ల దగ్గర గంట సేపు పోట్లాడి, ఎమ్మెల్యేగారి పీఏ చేత ఫోను చేయించి మరీ కొడుక్కి ఒకటో లేను సాధించాడు. మరి నంబర్ వన్ కదా. ఆ గెలుపు చూసి మిగతా తండ్రులు కుళ్ళుకున్నారు కూడాను.

రిఫరీ పొట్టి ఈలలు వరసగా వేస్తే పిల్లలు పైబట్టలు తీసి సిద్ధం కావాలి. పొడుగు ఈల వేస్తే బ్లాకు ఎక్కాలి. 'టేక్ యువర్ మార్క్స్' అన్నాక కదలకూడదు. కూత రాకముందే దూకితే ఇంటికే, రెండో అవకాశం లేదు. ఇంత పద్ధతి ఉన్న చోట మనవాళ్ళు గ్యాలరీలోంచి ఈలలు వేస్తారు. సినిమా హాలు అలవాటు. ఏ ఈల రిఫరీదో, ఏ ఈల మావయ్యదో తేల్చుకోలేక పిల్లలు నీళ్ళలో పడిపోతారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ బటర్‌ఫ్లైలోనూ గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఒక చేత్తో తాకితే డిస్‌క్వాలిఫై. ఇది చెబితే ఒక తల్లి ఏమన్నదో తెలుసా? "రెండో చెయ్యి కూడా పెట్టేవాడే సార్, మీరే తొందరపడ్డారు."

స్టాప్‌వాచీలతో టైము తీసేటప్పుడు లేనుకి ముగ్గురు నిలబడతారు. ఇద్దరివి ఒకటైతే అదే టైము. ముగ్గురివీ వేరైతే మధ్యది. మన మీట్‌లో లేనుకి ఒక సెల్‌ఫోను, దాంట్లో మధ్యలో కాల్ వచ్చింది. ఆ అమ్మాయి టైము ఇప్పటికీ దేవుడికే తెలియాలి.

వయసుల సంగతి ఎత్తను. ఒకే పిల్లవాడు మీట్‌లో తొమ్మిదేళ్ళవాడు, బడిలో పదకొండేళ్ళవాడు, ఆర్టీసీ బస్సులో టికెట్టు లేనివాడు. ఏడేళ్ళ పిల్లకి వేలు పోసి కొన్న రేసింగ్ సూటు గురించి కూడా ఒక్క మాటే. 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో ప్లాస్టిక్ సూట్లు వేసుకుని 43 ప్రపంచ రికార్డులు కొడితే, సిగ్గుపడి 2010 నుంచి వాటిని నిషేధించారు. ఈ పిల్ల తన సూటులో ఊపిరాడక ఏడ్చింది. రికార్డు లేదు.

కొలను దగ్గరికి వద్దాం. ఈత పోటీలకి లోకమంతటా ఒప్పుకున్న పొడవులు రెండే: 50 మీటర్లు, 25 మీటర్లు. మనవాళ్ళు కిందటేడాది నేషనల్ పెట్టినది ఒక రిసార్టు కొలనులో. నేను అడుగులు వేసి చూశాను, 18 మీటర్లకు మించదు. అందులో 50 మీటర్ల రేసు ఎక్కడ ముగియాలి? అటూ ఇటూ ఈదితే 36. మూడోసారి బయల్దేరి 14 మీటర్లు వెళ్ళాక, నీళ్ళ నడుమ. అక్కడ తాకడానికి గోడ లేదు. అందుకని గోడదాకా ఈదించేసి, 54ని 50 అన్నారు. పిల్లల చేత నాలుగు మీటర్లు ఊరికే ఈదించారని ఎవరూ ఫీజు వెనక్కి అడగలేదు.

ఇంతకీ నన్ను కాల్చుకు తినేది పతకాలు. వీటి లెక్క చూడండి. అయిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఏడాదికొక గ్రూపు, మొత్తం పది. అబ్బాయిలు, అమ్మాయిలు వేరు కాబట్టి ఇరవై. ఈవెంట్లు ఆరు: నాలుగు రకాల ఈతలు, కిక్‌బోర్డు పట్టుకుని తన్నుకుంటూ పోయేది ఒకటి, కదలకుండా తేలేది ఒకటి. ఒక్కోదానికి మూడు పతకాలు. అన్నీ కలిపితే 360. రిలేలు ఇంకా కలపలేదు. వచ్చిన పిల్లలు నూటయాభై మంది ఉంటారేమో. ఆ మీట్‌లో పతకం రాకుండా ఇంటికి పోవాలంటే జ్వరం రావాలి. జ్వరం వచ్చినవాడికి కూడా పార్టిసిపేషన్ మెడల్ ఇంటికి పంపారు.

ఇంత సన్నగా తరిగితే కొన్ని గ్రూపుల్లో ఒక్కరే మిగులుతారు. మిగిలారు. ఒక్క పాప, ఒక్క లేను, ఒక్క హీటు. స్వర్ణం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఎరిక్ ముసాంబానీ కూడా 100 మీటర్ల హీటులో ఒంటరిగానే ఈదాడు. పక్కనున్న ఇద్దరూ ముందే దూకి డిస్‌క్వాలిఫై అయ్యారు. మునిగిపోతాడేమోనని జనం లేచి నిలబడి అరుస్తుంటే 1 నిమిషం 52.72 సెకన్లకి గోడ తాకాడు. ఆ హీటులో మొదటివాడు అతనే. ఒలింపిక్స్‌వాళ్ళు పతకం ఇవ్వలేదు, తర్వాతి రౌండుకీ పంపలేదు. పాపం, ముసాంబానీకి కూర్మన్నపాలెం తెలియలేదు. వచ్చి ఉంటే స్వర్ణం, మెమెంటో, శాలువా.

2016లో రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్, లే క్లోస్, చే ముగ్గురూ సరిగ్గా 51.14కే గోడ తాకారు. ముగ్గురికీ రజతం ఇచ్చి, కంచు ఎవరికీ లేదన్నారు. లోకమంతా అదో వింతగా చెప్పుకుంది. మన మీట్‌లో మధ్యాహ్నం భోజనాల లోపే అలాంటి వింతలు లెక్కలేనన్ని. ఎవరి తండ్రి పెద్దగా అరిస్తే వాడు కూడా టై. తేడా ఒక్కటే, ఇక్కడ కంచు కూడా ఇచ్చారు, ఇద్దరికి.

పోడియం దగ్గర అసలు కథ. ఒంటరిగా ఈదిన పాప ఒకటో మెట్టెక్కింది. రెండో మెట్టు, మూడో మెట్టు ఖాళీ. ఫొటో బాగోదన్నాడు ఫొటోగ్రాఫరు. వెంటనే పాప చెల్లెల్ని రెండో మెట్టు మీద, ఐస్‌క్రీం తింటున్న పక్కింటి పిల్లవాణ్ణి మూడో మెట్టు మీద నిలబెట్టారు. ఆ పిల్లవాడు అసలు ఈతకే రాలేదు, వాళ్ళ అక్కని చూడ్డానికి వచ్చాడు. మర్నాటికి ఫ్లెక్సీ. వీధి నాయకుడి మొహం బండి చక్రమంత, పాప మొహం రూపాయి బిళ్ళంత, కింద 'జాతీయ స్వర్ణ పతక విజేత'. ఆ పాపకి లోతు వైపు వెళ్ళాలంటే ఇంకా భయం. ఈ సంగతి వాళ్ళమ్మే చెప్పింది, నవ్వుతూ.

నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

మనది సముద్రం ఒడ్డు ఊరు. అప్పికొండ తీరం అదిగో. ఉక్కు ఫ్యాక్టరీ గేటు లోపల కణితి రిజర్వాయరు. రుషికొండ నుంచి యారాడ దాకా ప్రతి వేసవిలో, ప్రతి పరీక్షల సెలవుల్లో పిల్లల శవాలు తేలుతూనే ఉన్నాయి. నీట మునిగి చచ్చిపోయేవాళ్ళ కోసం ఏటా జూలై 25న ఒక దినం జరపమని ఐక్యరాజ్యసమితి 2021లో చెప్పింది. 2022లో ఆ దినం గడిచి నాలుగు రోజులైందో లేదో, పూడిమడక తీరంలో అనకాపల్లి ఇంజినీరింగ్ కుర్రాళ్ళు ఆరుగురు కొట్టుకుపోయి చచ్చిపోయారు. పరీక్ష రాసి, కాసేపు నీళ్ళలో ఆడుకుందామని వెళ్ళారు. బడి పిల్లలందరికీ ఈత, నీళ్ళ దగ్గర జాగ్రత్తలు, మునిగేవాణ్ణి తాను మునగకుండా కాపాడే పద్ధతి నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. కెరటం వెనక్కి లాగితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడు దాటాక బయటికి రావాలి, సత్తువ లేకపోతే వెల్లకిలా తేలాలి. ఈ రెండు ముక్కలు మన ఏ సమ్మర్ క్యాంపులోనైనా చెబుతున్నారా? చెప్పరు. వాటికి పతకం లేదు.

మునిసిపల్ బడి పిల్లవాడికి కొలను ఎక్కడుంది? బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, తెల్లారగట్ల అక్కడ ఒళ్ళు విరిచి ఈదే పిల్లలున్నారు, వాళ్ళకి నా దణ్ణం. కాని అది ఇక్కణ్ణించి ఇరవై కిలోమీటర్ల పైమాట. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్ళతో పాటు చెరువులూ పోయాయి. మిగిలినవి లేఅవుట్లయ్యాయి. నిర్వాసితుల కాలనీలో ఒక ముసలమ్మని అడిగితే అంది, "ఈతకి డబ్బులేటి బావూ? ఆనపకాయ బుర్ర నడుముకి కట్టి మా అయ్య గెడ్డలోకి తోసీసినాడు, వచ్చీసింది." ఆవిడ మనవడికి ఈత రాదు. ఆ గెడ్డలో ఇప్పుడు మురుగు.

ఇంత డబ్బు తల్లిదండ్రులు ఎందుకు పోస్తున్నారంటే ఒకే మాట: క్రీడా కోటా. రెండు శాతాన్ని మూడు శాతం చేస్తున్నామని 2024లో కొత్త క్రీడా విధానంతో పాటు రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ ఒక్క శాతం మీద మన జంక్షన్లో ఎన్ని అకాడమీలు లేచాయో చూస్తున్నారుగా. నేషనల్ అని రాసి ఉన్న ప్రతి కాగితమూ కోటాకి పనికిరాదు నాయనా. జిల్లాలో ఈది, రాష్ట్రంలో ఈది, స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పెట్టే సబ్ జూనియరో జూనియరో సీనియరో జాతీయ పోటీకి జట్టులో ఎంపికై వెళ్ళాలి, లేదా బడి తరఫున స్కూల్ గేమ్స్‌లో వెళ్ళాలి. డబ్బు కట్టిన ప్రతివాడూ వెళ్ళేదాన్ని విహారయాత్ర అంటారు. ఆ డబ్బు ఎవరిదంటారా? 2024లో ఉక్కు ఉద్యోగుల జీతాలు విడతల్లో పడ్డాయి. ఫ్యాక్టరీని ప్రైవేటుకి అమ్మొద్దంటూ జంక్షన్లో దీక్షా శిబిరం 2021 ఫిబ్రవరిలో వేశారు. ఆ శిబిరంలో కూర్చుని లేచిన తండ్రి జేబులోంచి ఎంట్రీ ఫీజు, టీషర్టు ఫీజు, ఈవెంటుకింత అని లాగుతున్నారు. లాగి, ఏ ఆఫీసులోనూ చెల్లని కాగితాన్ని బంగారు రంగు అంచుతో చేతిలో పెడుతున్నారు. దీన్ని మోసం అనడానికి మనకి మొహమాటమెందుకు?

అసలు జాతీయం అంటే ఏమిటో ఒక్క లెక్క చెబుతాను. 2021 జూన్‌లో రోమ్‌లో కేరళ కుర్రాడు సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత ఇచ్చే టైము 1:56.48. సెకనులో పదోవంతు. అప్పటిదాకా మన దేశంలో ఏ ఈతగాడూ ఆ గీత దాటలేదు. ఆ పదోవంతు వెనక ఎన్నేళ్ళ తెల్లవారుజాములు ఉన్నాయో అడిగితే మన కోచ్‌గారు, అతను మా ఓపెన్‌కి వస్తే గెస్టుగా పిలుస్తాం సార్ అంటాడు.

ఊరికే తిట్టడం దేనికని నిన్న ఆ ఫ్లెక్సీ మీది నంబరుకి ఫోను చేశాను. మీ పోటీకి ఏ సంఘం గుర్తింపు ఉందండీ అన్నాను. ఆల్ ఇండియా లెవెల్ సార్ అన్నారు. కొలను పొడవెంత అన్నాను. చాలా పెద్దది సార్, పక్కన గార్డెన్ కూడా ఉంది అన్నారు. రిఫరీ ఎవరు, ఇక్కడ తీసిన టైము ఏ పుస్తకంలోకి ఎక్కుతుంది, నీళ్ళ దగ్గర లైఫ్‌గార్డులు ఎంతమంది అని వరసగా అడిగాను. అవతల కాసేపు కాగితాల చప్పుడు.

"అవన్నీ మేం చూసుకుంటాం సార్. బాబు టీషర్టు సైజు చెప్పండి."