నేను కిడ్నీ ట్రేని

నా పుట్టుక స్టెయిన్‌లెస్ స్టీలు. నా కొలువు ఒక ఏరియా ఆసుపత్రి డ్రెస్సింగు గది. మూత్రపిండం ఆకారంలో ఒక పక్క లోపలికి వంగి ఉంటాను. మెడ కిందో, చంక కిందో, మోకాలి పక్కనో ఆ వంపు ఆనించి పట్టుకుంటే ఒంటికి అతుక్కుపోతాను. కారిన చీము కారినట్టే నాలో పడుతుంది. పని కాగానే సబ్బునీళ్లతో స్నానం, ఆపైన ఆటోక్లేవులో 15 పౌండ్ల ఒత్తిడితో 121 డిగ్రీల ఆవిరి. ఒకరి క్రిమి మరొకరికి అంటకూడదు. అందుకే ఆ వేడంటే నాకు ఇష్టం.

నన్ను ఎక్కువగా నింపేవి సెగ్గడ్డలు. ఎంతోమంది ఆరోగ్యవంతుల ముక్కులో చడీచప్పుడూ లేకుండా కాపురముండే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా, వెంట్రుక కుదుట్లోకి లోతుగా దిగితే లేచేది సెగ్గడ్డ. గడ్డల చీములో ఈ గుండ్రని క్రిములను 1880లో అబర్డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ మైక్రోస్కోపుతో పట్టుకున్నాడు. చీమును జనం అసహ్యించుకుంటారు. నాకు దానిమీద గౌరవం. క్రిములతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలే అందులో ఎక్కువ. అయితే చీము గూడు కట్టాక బిళ్లల మందు లోపలిదాకా సరిగా చేరదు. కోసి తీయాల్సిందే. ఆ పని డాక్టరుది, ఇంట్లో వాళ్ల గోళ్లది కాదు. ముక్కు పక్కన, పైపెదవి మీద లేచిన కురుపును నొక్కితే క్రిములు రక్తనాళాల వెంట మెదడు వైపు పాకే ప్రమాదం కూడా ఉంది.

ఒక పెద్దాయన మెడ వెనక వాపుతో వచ్చాడు. "సున్నం, బెల్లం కలిపి పట్టేశానమ్మా, తగ్గలేదు" అన్నాడు. సిస్టరు ఆ పెచ్చును సెలైనుతో నానబెట్టి మెల్లగా లేపితే, కింద చర్మం జల్లెడలా కన్నాలు పడి ఉంది. ప్రతి కన్నం నుంచీ చీము ఊరుతోంది. అది రాచకురుపు. పక్కపక్కనున్న గడ్డలన్నీ లోపల ఏకమైన రూపం. డాక్టరమ్మ కత్తి పట్టకముందే, "షుగరు ఎప్పుడైనా చూపించుకున్నారా పెద్దాయనా?" అని అడిగింది. "నాకేం షుగరమ్మా!" అన్నాడాయన. వేలి చివర నుంచి తీసిన నెత్తుటి చుక్క వేరే జవాబు చెప్పింది. రాచకురుపు వల్లే షుగరు బయటపడింది ఆయనొక్కడికే కాదు.

కొన్ని జబ్బులకు నేను ఖాళీగానే తిరిగి వెళ్తాను. సెల్యులైటిస్ అలాంటిదే. పొలం బురదలో నాని, కాలివేళ్ల మధ్య పాచిపోయిన చోట స్ట్రెప్టోకాకస్ దూరుతుంది. కాలు ఎర్రగా, వేడిగా ఉబ్బుతుంది, చలిజ్వరం వస్తుంది. కోయడానికి చీముండదు, యాంటీబయాటిక్ కావాలి. బోదకాలు ఉన్నవారికి ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే చాలావరకు ఆగుతుంది. పైకి కనిపించేదానికి మించిన నొప్పి ఉన్నా, చర్మం నల్లబడుతున్నా గంట కూడా ఆగకూడదు.

పిల్లల మూతి చుట్టూ తేనెరంగు చెక్కులు కట్టే ఇంపెటైగో చూడటానికి చిన్నది. దాని వెనక స్ట్రెప్టోకాకస్ ఉంటే, కొన్ని వారాల తర్వాత మూత్రపిండాలు వాచి, పొద్దున్నే బిడ్డ ముఖం ఉబ్బవచ్చు. ఆ పిల్లల తువ్వాలు వేరుగా ఉంచమని సిస్టరు ప్రతి తల్లికీ చెబుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఒక కాలేజీ అమ్మాయి. చంకలో గడ్డ, కోత, కట్టు. మానిందనుకునేలోపు పక్కనే ఇంకోటి. "ఒళ్లు శుభ్రంగా ఉంచుకుంటే కదా!" అని వెంటవచ్చిన పెద్దావిడ అందరి ముందూ కసిరేది. ఆ పిల్ల తల దించుకునేది. ఒకసారి కొత్తగా వచ్చిన చర్మవైద్యురాలు పాత మచ్చలన్నీ వేలితో తడిమి, వాటి మధ్య చర్మం కింద సొరంగాలున్నాయని గుర్తించింది. ఆ జబ్బు హైడ్రాడినైటిస్ సప్పురేటివా. వెంట్రుక కుదుళ్లు మూసుకుపోయి, శరీరం తనలో తానే రేపుకునే మంట. అది అంటుకోదు, మురికివల్ల రాదు. "నీ తప్పేం లేదమ్మా, నెలల తరబడి మందు వాడాలి, అంతే" అంది డాక్టరు. ఆ మాట ఆ పిల్లకు అంతకుముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

చర్మం ఎర్రబడ్డ ప్రతిసారీ కారణం ఒకటే కాదు. ఎగ్జిమాలో అసలు జబ్బు మంట. గోకిన గీతల్లోంచి క్రిమి తర్వాత వస్తుంది. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన ట్యూబు ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి జబ్బును లోపలే పెంచుతుంది. నాలో పడ్డ చీమును ల్యాబుకు పంపి, ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో చూసి రాసే చీటీయే అసలైన వైద్యం. మీ ఒంటిమీద గడ్డ లేస్తే సున్నం డబ్బా మూత తీయకండి. ఓపీ చీటీ రాయించుకుని, "ఇదేం జబ్బు డాక్టరుగారూ?" అని ముందు అడగండి.